పగడపు దిబ్బ మీద బాంబు పడితే అడుగున ఏమవుతుంది

గోపాలపూర్ నుంచి సోనాపూర్ దాకా మన గంజాం తీరంలో వలకి అడుగున ఎక్కువగా తగిలేది ఇసుక, బురద. అందుకే మన పేటల్లో పగడపు దిబ్బల ఊసు, అంటే చిన్న చిన్న సముద్రపు జీవులు సున్నంతో కట్టుకునే గట్టి దిబ్బల ఊసు, పెద్దగా రాదు. కానీ ఇటు ఇచ్ఛాపురం చుట్టుపక్కల నుంచీ, కింద శ్రీకాకుళం జిల్లా మిగతా ఊళ్ళ నుంచీ బోట్ల మీద పనికి పోయినవాళ్ళు అండమాన్‌లో ఉన్నారు, గుజరాత్ రేవుల్లో ఉన్నారు. అండమాన్ దీవుల చుట్టూ, కచ్ సింధుశాఖలో, రామేశ్వరం-తూత్తుకుడి మధ్య మన్నార్ సింధుశాఖలోని 21 దీవుల చుట్టూ పగడం బతికుంది. ఇసుక నేల మీద చెల్లిన పని అక్కడ చెల్లదు.

ముందు బాంబు సంగతి. మన దేశంలో చేపల్ని పేలుడుతో పట్టడం, విషం కలిపి పట్టడం రెండూ 1897 నాటి చట్టంలోనే నేరం. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, టాంజానియా తీరాల్లో మాత్రం ఈ వేట ఏళ్ళ తరబడి సాగింది. బీరు సీసాలో పట్టేంత బాంబు దిబ్బ మీద పేలితే ఒకటి రెండు మీటర్ల వెడల్పున పగడం తునాతునకలైపోతుంది. నీటిలో పాకే ఒత్తిడికి చేప ఒంట్లో, దాన్ని నీళ్ళలో తేలేలా ఉంచే గాలితిత్తి పగులుతుంది. తిత్తి పగిలిన చేప చాలావరకు మునిగిపోతుంది. పైకి తేలినవి ఏరుకుని బోటు వెళ్ళిపోతే, అడుగున పడ్డవి ఎవరికీ దక్కవు. వేటగాడి లెక్కలో చూసుకున్నా ఇది తెలివితక్కువ బేరం.

అయినా చచ్చిన చేపల కన్నా పగిలిన నేలే పెద్ద నష్టం. పగడం పిల్ల ఆవగింజ కంటే చిన్నది. కొన్నాళ్ళు నీళ్ళలో తేలి, కదలని గట్టి చోటు దొరికితే అంటుకుని అక్కడే ఉండిపోతుంది. బాంబు పడ్డ చోట మిగిలేవి వేలెడు, జానెడు విరుగుముక్కలు. అలలకీ ప్రవాహానికీ అవి దొర్లుతూ ఉంటాయి. పిల్ల వాటికి అంటుకున్నా, ముక్క తిరగబడగానే కిందపడి నలుగుతుంది, లేదా పక్క ముక్క రాసుకుని ఊడిపోతుంది. చుట్టూ దిబ్బ బాగుండి ఒక్క బాంబే పడితే ఆ గుంట 5 నుంచి 10 ఏళ్ళలో కోలుకోవచ్చు. అదే చోట పదే పదే పడి ముక్కల మైదానం అయిపోతే ఎన్నేళ్ళు గడిచినా అలాగే పడుంటుంది. పగడం పెరిగేదైనా ఎంతని? కొమ్మల పగడం ఏడాదికి ఓ 10 సెంటీమీటర్లు, బండ పగడం సుమారు 1 సెంటీమీటరు. మీటరు ఎత్తు బండ లేవాలంటే వందేళ్ళ మాట.

ముక్కల్ని కదలకుండా ఆపితేనే దీనికి మందు. ఇండోనేషియాలోని కొమొడో దీవుల దగ్గర రాళ్ళు కుప్పలుగా పోస్తే వాటి మీద పగడం పట్టింది. అదే దేశంలో సులావేసి దీవి దగ్గర ఆరు మూలల ఇనప చట్రాలకి ఇసుక పూత వేసి, ఒక్కోదానికి 15 దాకా పగడపు కొమ్మలు కట్టి, చట్రాలన్నీ ఒకదానికొకటి బిగించి ముక్కల మీద పరిచారు. 2024లో వచ్చిన కొలతల్లో, నాలుగేళ్ళకే ఆ చోట్లు మంచి దిబ్బలంత వేగంగా సున్నం కడుతున్నాయని తేలింది. అయితే కట్టినవి ఎక్కువగా కొమ్మల రకాలే. బండ పగడాలు అంత సులువుగా రావు.

బాంబు చేపని బేరం దగ్గర పట్టుకోవచ్చా? "పైకి నిగనిగలాడతంది కదమ్మా" అని అమ్మేవాళ్ళంటే నమ్మేయకండి, బాంబు చేపకీ మొప్పలు ఎర్రగానే ఉంటాయి. ముందు వేట గుర్తు వెతకండి. గాలం చేపకి నోట్లో గాయం ఉంటుంది. మొప్పల దగ్గర చిక్కించే గిల్‌నెట్ వలలో పడ్డ చేపకి మొప్పల వెనక దారం కోసిన గీత ఉండి, అక్కడ పొలుసు రాలి ఉంటుంది. ఏ గుర్తూ లేకుండా కళ్ళలో నెత్తురు కమ్మి ఉంటే పొట్ట కోయించండి. వెన్నుముల్లు పొడుగునా నెత్తురు గడ్డలు, చిరిగిన గాలితిత్తి, వెన్ను నుంచి విడిపోయిన పక్కముళ్ళు, ఈ మూడూ కలిసి కనిపిస్తే దాదాపు బాంబే. ఆ కండ మెత్తబడి త్వరగా పాడవుతుంది. పొట్ట తిరగబడి నోట్లోంచి బయటికొచ్చిన చేపని మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. లోతు నుంచి గాలంతో గబుక్కున లాగినా గాలితిత్తి ఉబ్బి పొట్టని అలాగే బయటికి తోస్తుంది.

సైనైడ్ విషం నీళ్ళలో వదిలి చేపకి మత్తెక్కించి పట్టే వేట 1960లలో ఫిలిప్పీన్స్‌లో అక్వేరియం చేపల కోసం మొదలైంది. తర్వాత హాంకాంగ్ హోటళ్ళకి బతికున్న గ్రూపర్ చేపలు పంపడానికి పాకింది. మత్తెక్కిన చేప పగడం సందులో దూరితే, తీయడానికి గునపంతో పగడాన్నే పగలగొడతారు. నీళ్ళలో మిగిలిన మందు పగడం లోపలి నాచు కణాల్ని దెబ్బతీస్తుంది. పగడానికి తిండిలో ఎక్కువ భాగం ఆ నాచే పెడుతుంది, కాబట్టి అది తెల్లబడి ఆకలికి చస్తుంది.

బోటు అడుగున ఈడ్చుకెళ్ళే ట్రాల్ వలని, చిరుగుతుందన్న భయంతో మామూలుగా దిబ్బ మీదికి తీసుకుపోరు. అడుగు తాడుకి పెద్ద రబ్బరు చక్రాలు గుచ్చితే ఆ భయం తీరిపోతుంది. పక్కన ఇసుకలో లాగినా వల నోరు తెరిచి ఉంచే పలకలు (వల తలుపులు) లేపిన బురద వచ్చి పగడం మీద కూర్చుంటుంది. జిగురు కార్చి దాన్ని తోసుకోడానికే పగడం సత్తువంతా పోతుంది. మన రుషికుల్య ముఖద్వారం దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల ట్రాలింగు ఆపేది తాబేళ్ళ కోసం. దిబ్బలున్న చోట అలాంటి గీత ఏడాది పొడుగునా ఉండాలి.

ఎవరూ పట్టించుకోనిది చిలుక చేప. పగడాన్ని కమ్మే నాచుని గీకి తినేది అదే. రాత్రిపూట పగడం సందుల్లో నిద్రపోతుంది, కొన్ని రకాలు ఒంటి చుట్టూ జిగురు తెర కట్టుకుని మరీ. టార్చి, ఈటె ఉన్నవాడికి అంత సులువైన చేప ఇంకోటి లేదు. బెలీజ్ దేశం 2009లో దాన్ని పట్టడమే ఆపేసింది.

ఇక బోటు పని. లంగరు ఇసుక మచ్చ చూసి వేయాలి. గాలి తిరిగినప్పుడు గొలుసు ఎంత మేర ఊడుస్తుందో లెక్కేసుకుని, ఆ మేరలో దిబ్బ లేకుండా చూసుకోవాలి. వల దిబ్బకి తగులుకుంటే ఇంజను పెట్టి లాగొద్దు, కొమ్మలు విరుగుతాయి, వలా చిరిగి సగం అక్కడే ఉండిపోతుంది. తాడు వదులు చేసి, వల వేసిన దిక్కుకే బోటు తిప్పి మెల్లగా ఎత్తితే చాలాసార్లు ఊడొస్తుంది. రాకపోతే మునగడం వచ్చినవాళ్ళు ఇద్దరు దిగి, మోకు వైపు నుంచి మొదలెట్టి చిన్న చిన్న ముక్కలుగా కోసి పైకి పంపాలి. పైన పగడం పెరిగిపోయి లోపల బిగిసిన దారాన్ని మాత్రం అంటుకున్న చోటికి కత్తిరించి వదిలేయడమే నయం. తర్వాత ఆ చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి.