శ్రీశైలంలో గది కోసం

కార్తీక సోమవారానికి గది బుక్ చేసుకోకుండా శ్రీశైలం బయల్దేరేవాళ్లు రెండు రకాలు. మొదటిసారి వెళ్లేవాళ్లు, మా అమ్మ. దేవస్థానం వాళ్ల గంగా సదన్, గౌరీ సదన్ గదులు ఆన్‌లైన్‌లో ఎప్పుడో అయిపోయాయని నేను చెబుతూనే ఉన్నాను. "మన సత్రం ఉండగా మనకి గదికి ఏం లోటురా?" అని ఆవిడ ధీమా.

గుంటూరు నుంచి బస్సు ప్రయాణం గురించి రాయడానికి ఏమీ లేదు. వినుకొండలో టీ, దోర్నాల దగ్గర కోతులు, ఘాట్ మలుపుల్లో మా ఆవిడకి వాంతులు. ఎప్పుడూ ఉండేవే. దిగేసరికి మధ్యాహ్నం మూడయింది. బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో అడిగితే ఏసీ లేని గదికి మూడున్నర వేలన్నాడు. గది చూపించమంటే చూపించాడు. కిటికీ తీస్తే పక్క లాడ్జి గోడ. "సోమవారం సార్, ఇంకో గంట ఆగితే నాలుగు వేలు" అని ఫోన్ చూసుకుంటూ చెప్పాడు. మామూలు రోజుల్లో వెయ్యికి కూడా ఎవరూ దిగరు అందులో.

ఇక అమ్మ మాటే చెల్లింది. సత్రాల వైపు నడిచాం.

శ్రీశైలం వెళ్లినవాళ్లకి ఆ వీధులు కొత్తగా వర్ణించక్కర్లేదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎన్ని కులాలున్నాయో తెలుసుకోవాలంటే జనాభా లెక్కలు తిరగెయ్యడం దండగ, అక్కడ ఓ గంట నడిస్తే చాలు. ప్రతి కులానికీ ఒక నిత్యాన్నదాన సత్రం, దానికో ఆర్చీ, ఆర్చీ మీద దాతల ఫొటోలు. ఇదంతా చెంచుల కొండ. మల్లన్నని వాళ్లు తమ అల్లుడంటారు. అత్తారి ఊళ్లో అల్లుడి భక్తులందరూ ఇలా ఎవరి ఇళ్లు వాళ్లు కట్టుకున్నారు.

అమ్మ చెప్పిన "మన" సత్రంలో కౌంటరు దగ్గర కుర్రాడు నా ఆధార్ చూశాడు. ఇంటిపేరు చూడగానే మొహం వెలిగింది. "ఏ ఊరండీ? మంగళగిరా? ఫలానా వాళ్లు మీకేమవుతారు?" అని వరస కలిపాడు. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. తర్వాత మా ఆవిడ ఆధార్ తీసుకున్నాడు. అందులో ఇప్పటికీ పుట్టింటి ఇంటిపేరే ఉంది.

"ఈవిడ?"

"మా ఆవిడ."

"ఈ ఇంటిపేరు మనవాళ్లలో లేదే?"

"లేదు."

మాది ప్రేమ వివాహం. మా రెండిళ్లవాళ్లూ ఏడుపులూ అలకలూ ముగించి ఏనాడో కలిసిపోయారు, మనవళ్లను ఎత్తుకుని తిరుగుతున్నారు. ఆ కౌంటరు దగ్గర మాత్రం పంచాయితీ మళ్లీ మొదటి నుంచి మొదలైంది. కుర్రాడు లోపలికెళ్లి ఎవర్నో అడిగొచ్చాడు. మీ ఊరి సంఘం ప్రెసిడెంటు చేత ఒక ఫోన్ చేయించమన్నాడు. అమ్మ మా మేనమామకి చేసింది, ఆయన ఇంకెవరికో చేశాడు, ఆ ప్రెసిడెంటుగారు ఫోన్ ఎత్తలేదు. చివరికి కుర్రాడికే జాలేసి, "పెద్దావిడకి డార్మిటరీలో మంచం ఇస్తామండీ" అన్నాడు.

"నా కోడలు బయట పడుంటే నేను లోపల పడుకోవాలా? ఏం మాటయ్యా అది!" అని అమ్మ ఆధార్ కార్డులన్నీ లాక్కుని బయటికొచ్చేసింది. మా పెళ్లప్పుడు మూడు నెలలు నాతో మాట్లాడని మనిషి ఆవిడ.

మా ఆవిడ తరఫు సత్రం నాలుగు ఆర్చీల అవతలే ఉంది. అక్కడ గుమస్తా ఇంకా మర్యాదస్తుడు. కూర్చోమని మంచినీళ్లిచ్చాడు. "అమ్మాయి మనమ్మాయేనమ్మా, కాదనట్లేదు. కానీ రూల్సులో ఇంటి యజమాని కులం చూడాలని ఉంది" అన్నాడు. "నేను ఉద్యోగం చేస్తున్నా, ఇంటి ఈఎంఐ నేనే కడుతున్నా" అంది మా ఆవిడ. ఆయన నవ్వాడు గానీ గది ఇవ్వలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మా ఊరి దగ్గర, ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడి పక్కనే మల్కాపురం ఉంది. అక్కడ 1261 నాటి శాసన స్తంభం నిలబడి ఉంటుంది. గోళకీ అనే శైవ మఠం గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి కాకతీయ రాజు గణపతిదేవుడు ఇస్తానన్న మందడం గ్రామాన్ని, వెలగపూడితో కలిపి, కూతురు రుద్రమదేవి ధారపోసిన సంగతి అందులో రాసి ఉంది. ఆ రాబడితో గుడి, మఠం, చదువుకునే పిల్లల పోషణ, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడపాలి. సత్రానికి బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా, ఏ వేళకొచ్చినా అన్నం పెట్టాలి. ఏడున్నర వందల ఏళ్ల కిందట రాతి మీద చెక్కించిన రూలది. మేమేమో లామినేషన్ చేయించిన రూల్సు ముందు బ్యాగులేసుకుని నిలబడ్డాం. ఇదంతా ఆవేశంగా చెప్పుకుపోతుంటే మా ఆవిడ, "శాసనం సంగతి తర్వాత, ముందు బాత్రూం ఎక్కడుందో చూడండి" అంది.

బాత్రూం కోసమే మూడో సత్రంలోకి వెళ్లాం. మా ఇద్దరి కులాలకీ సంబంధం లేనిది. వరండాలో బల్ల దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే. "పెద్దమ్మ మెట్లెక్కగలదా? కింద గది ఒకటి ఇప్పుడే ఖాళీ అయింది." నేను ఉబ్బితబ్బిబ్బయ్యేలోపు వెనక బోర్డు కనిపించింది. మనవారికి ఆరు వందలు, ఇతరులకు పన్నెండు వందలు. పోనీలే, కులానికి రేటంటూ ఒకటి కట్టి చెప్పారు, కనీసం అది కడితే పోతుంది. కట్టేశాను.

దర్శనం సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. రద్దీ అని స్పర్శ దర్శనం ఆపేశారు, నాలుగు గంటలు లైన్లో నిలబడి దూరం నుంచి చూసి దణ్ణం పెట్టుకుని వచ్చాం. భ్రమరాంబ గుడి వెనక గోడకి చెవి పెట్టి తుమ్మెద నాదం విన్నానని అమ్మ అంది. నాకు జనం గోల తప్ప ఏమీ వినపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అదే సత్రంలో భోజనం. గదికైతే రెండు రేట్లు గానీ పంక్తికి మాత్రం ఒక్కటే. గంట కొట్టగానే ఎవరొచ్చినా కూర్చోవచ్చు. గోడ మీద నల్లబోర్డుకి "నేటి అన్నదాతలు" అని పేరు, కింద సుద్దముక్కతో ఐదారు పేర్లు. వాటిలో ఒకటి "కీ.శే." అని మొదలై, పక్కన 1983, రూ.1116 అని ఉంది.

భోజనాలయ్యాక ఆ పెద్దాయన్ని అడిగాను, ఇదెలా నడుస్తుందని. ఎవరో ఒకరు అడక్కపోతారా అని ఎదురుచూస్తున్నట్టున్నాడు, బీరువా లోంచి అట్ట ఊడిన పద్దుల పుస్తకం తీశాడు. ప్రతి తిథికీ ఒక పేజీ. కార్తీక బహుళ పాడ్యమి పేజీలో పదకొండు పేర్లు, నాలుగు రకాల సిరాలు. కొన్ని పేర్ల పక్కన "ధర్మపత్ని జ్ఞాపకార్థం" అని, ఒక దాని పక్కన "పుత్రుడు అమెరికా" అని ఉంది.

"శాశ్వత నిధి బాబూ. అసలు ముట్టుకోకూడదు, వడ్డీతోనే ఏటా ఆ తిథికి అన్నం పెట్టాలి. 83లో వెయ్యినూటపదహార్లంటే పెద్ద మొత్తం. రెండు రూపాయలకి కిలో బియ్యం పథకం వచ్చిన రోజులు. బ్యాంకు పది, పదకొండు శాతం ఇచ్చేది. ఆ వడ్డీతో ఆ పూటకి బియ్యం వచ్చేవి. ఇప్పుడు ఆరున్నర. లెక్కెయ్యి."

ఫోన్లో వేశాను. డెబ్బై రెండు రూపాయల చిల్లర.

"రెండు విస్తళ్లకి కూడా చాలవు. శాశ్వతం అని రసీదు మీద రాసిచ్చాం కదా, పేరు తియ్యలేం. ఇవాళ రెండు వందల మంది పైన తిన్నారు, ఆయన పేరు బోర్డు మీద ఉంది. మిగతాది ఎక్కడి నుంచి వచ్చిందీ? మీరు కట్టిన పన్నెండు వందల్లోంచే."

పన్నెండు వందల మీద నా గొణుగుడు అక్కడితో కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు.

అసలు బాధ వేరే ఉందన్నాడు. గది కట్టించడానికి దాతలు క్యూలో ఉన్నారట. గదికైతే గుమ్మం మీద పాలరాతి పలక ఉంటుంది, వచ్చినప్పుడల్లా అందులోనే దిగొచ్చు, పిల్లలకి చూపించుకోవచ్చు. ఫ్యాన్లకి దాతలున్నారు, నేను చూశాను, రెక్కల మీద ఎర్ర రంగుతో పేర్లున్నాయి, ఫ్యాను ఆపితేనే చదవగలం. వంటమనిషి జీతానికి మాత్రం ఎవరూ ఇవ్వరు. డ్రైనేజీ పైపు పగిలితే దానికి దాత ఉండడు. "కరెంటు బిల్లుకి శాలువా కప్పలేం కదా బాబూ!" అన్నాడు. వంట చేసే ఆవిడ పక్కనే గిన్నెలు సర్దుకుంటూ, "రెండు నెల్లయ్యింది చెప్పు ఆయనకి" అంది. ఆయన విననట్టు పేజీ తిప్పాడు.

మల్కాపురం శాసనంలో వంటవాళ్లకీ, లెక్కలు రాసే కరణాలకీ కూడా ఇంత భూమి అని విడిగా కేటాయించారు. అక్కడ ధర్మం చేసినవాళ్లకి పొయ్యి ఎవరు ఊదుతారన్న స్పృహ ఉంది.

మరి ఇలా కులానికొక సత్రం ఎందుకు, అందరూ కలిసి ఒకటి పెట్టుకుంటే ఖర్చు తగ్గదా అని అడిగాను. ఆయన తడుముకోలేదు. "కలిసి పెడితే ఎవడూ ఇవ్వడు. మనవాళ్లకి అంటేనే చెయ్యి జేబులోకి పోతుంది. ఇక్కడ మిగిలిందాంతో టౌన్లో ఆడపిల్లల హాస్టలు నడుపుతున్నాం. నలభై మంది చదువుతున్నారు. అందరూ పల్లెటూరి పిల్లలే."

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అమ్మ పక్కనే కూర్చుని ఉంది. మా తాత గుంటూరులో వారాలు చేసుకుని చదివాడు. రోజుకో ఇంట్లో తిండి, ఒక వారం ఖాళీ పడితే ఆ రోజు పస్తు. మా నాన్నకి ఆ గతి పట్టలేదు. ఆయన పీయూసీ, డిగ్రీ చదివింది కులం హాస్టల్లో. నెలకి ఇంతని నామమాత్రంగా కట్టి, మిగతాది సంఘం చందాలతో. హైదరాబాద్‌లో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైన దగ్గర్నుంచి రెండు రాష్ట్రాల్లోనూ ఎన్ని కులాలకి ఇలాంటి హాస్టళ్లు వచ్చాయో. నాన్న ఉద్యోగం, నా చదువు, నేను ఇవాళ మల్కాపురం శాసనం గురించి దంచే ఉపన్యాసం, అన్నీ ఆ హాస్టలు మెస్సు నుంచే వచ్చాయి. అందుకే అమ్మకి "మన సత్రం" అంటే అంత ధీమా. చందాలిచ్చే స్తోమత లేని కులాల పిల్లలు అప్పుడు ఎక్కడ తిన్నారో మాత్రం ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ ఉండదు. ఆ మాట పెద్దాయనతో అంటే, "అందుకే గదా గవర్నమెంటు హాస్టళ్లు" అన్నాడు. మా ఆవిడ అలాంటి హాస్టల్లోనే చదివింది. అక్కడి పప్పుచారు గురించి ఆవిడ చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం, ఆ రోజూ ఆపలేకపోయాం.

బయల్దేరేముందు అమ్మ కొంగుముడి విప్పి రెండు ఐదువందల కాగితాలు, ఒక వంద, పదిహేను రూపాయలు, దాని మీద ఒక రూపాయి బిళ్ల బల్ల మీద పెట్టింది. పెద్దాయన పెన్ను తీసి, "ఎవరి పేరు మీదమ్మా? ఏ తిథి?" అన్నాడు.

"తిథీ గితీ వద్దు. ఆ వంటావిడ జీతానికి రాసుకోండి."

ఆయన రసీదు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. శాశ్వత అన్నదానం, గదుల నిర్మాణం, గోసేవ, విద్యార్థి నిధి, ఇతరములు. జీతాల గడి లేదు. ఇతరముల్లో టిక్కు పెట్టాడు. పేరు రాయకపోతే ఆడిటరు ఒప్పుకోడని అమ్మ పేరు అడిగాడు, ఇంటిపేరుతో సహా. అమ్మ కోడలి ఇంటిపేరు చెప్పింది. నేను నోరు తెరవబోతే మోచేత్తో పొడిచింది.

ఘాట్ రోడ్డు గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు కాబట్టి ఆరింటి బస్సుకి పరిగెత్తాం. సీట్లు లేవు. దోర్నాల దాకా నిలబడే వచ్చాం. దారిపొడవునా అమ్మ, కండక్టరు వృద్ధుల రాయితీ సరిగ్గా కొట్టాడో లేదో టికెట్టు తిప్పి తిప్పి చూసుకుంటూనే ఉంది.