టీకాకి వరం, మందుకి తలనొప్పి

బెంగళూరులో ప్రోటీన్లతో చేసే నానో రేణువుల మీద పని చేస్తున్నానంటే మా గుంటూరు బంధువుల్లో కుర్రాళ్లు జిమ్ పౌడరా అంటారు, పెద్దవాళ్లేమో "నానో అంటే ఒంట్లో చిప్ పెడతారటగా" అని భయపడతారు. నిజానికి వాళ్లలో చాలామంది ఆ నానో రేణువుల్ని ఎప్పుడో వేయించుకున్నారు. హెపటైటిస్ బి టీకాలో ఉండేది అదే: ఈస్ట్ చేత వైరస్ పైపొర ప్రోటీన్ తయారు చేయిస్తే, అది సుమారు 22 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మీటర్లో వందకోట్లో వంతు) రేణువుగా కూడుకుంటుంది. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన షాన్‌వాక్-బి కూడా ఈ బాపతే.

అది వైరస్ ఇచ్చిన డిజైన్. ఇప్పుడు మనమే గీస్తున్నాం. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ప్రోటీన్ శాస్త్రవేత్తలు డేవిడ్ బేకర్, నీల్ కింగ్ వాళ్లు కంప్యూటర్లో గీసిన ఒక రేణువులో మూడేసి ప్రోటీన్ల ముక్కలు 20, ఐదేసి ప్రోటీన్లవి 12. విడిగా ఉంచితే ఊరుకుంటాయి, ఒకే ట్యూబులో కలిపితే 120 ప్రోటీన్ల బంతి అయి కూర్చుంటాయి. దానిమీద కరోనా స్పైక్ ముక్కని 60 చోట్ల తగిలించి చేసిన స్కైకోవియోన్ టీకాకి 2022లో దక్షిణ కొరియా అనుమతిచ్చింది.

ఒకటి చాలదా, అరవై ఎందుకు? ఒకే ఆకారం పక్కపక్కనే వరసగా కనిపిస్తే ఒంట్లో యాంటీబాడీలు తయారుచేసే బి కణం మీది రిసెప్టర్లు (అంటే కొక్కేలు) ఒకేసారి బోలెడు అతుక్కుని, ఇది వైరసే అన్నట్టు ఆ కణం గట్టిగా స్పందిస్తుంది. టీకాకి ఇంకేం కావాలి! కానీ అదే బంతిలో కేన్సర్ మందు నింపి పంపాలంటే ఈ గుణమే కొంప ముంచుతుంది, మొదటి డోసుకి యాంటీబాడీలు పుడితే రెండో డోసు గమ్యం చేరకముందే దొరికిపోవచ్చు. నేను కూర్చున్న టాక్‌లలో ఈ సంగతి ఎప్పుడూ చివరి స్లైడుకే, అదీ టైమ్ అయిపోయాక.

అందుకే నాకు అబ్రాక్సేన్ అనే కేన్సర్ మందంటే గౌరవం. అందులో అసలు మందైన పాక్లిటాక్సెల్ నీళ్లలో కరగదని మామూలుగా ఆముదం నుంచి చేసిన ద్రావకంలో ఇస్తారు, అలర్జీ భయంతో ముందే స్టెరాయిడ్ కూడా. మన రక్తంలోనే ఉండే, ఒంటికి పరాయిది కాని ఆల్బుమిన్ ప్రోటీన్‌తో కలిపి 130 నానోమీటర్ల రేణువులు చేస్తే ఆ ద్రావకం గొడవే లేదు. అమెరికాలో 2005లోనే అనుమతి వచ్చింది. చూడ్డానికి డిజైన్ అందమేమీ ఉండదు.

నా మొగ్గు మాత్రం ఫెరిటిన్ వైపు. ఇనుము దాచుకోడానికి మన ఒంట్లోనే ఉన్న 24 ప్రోటీన్ ముక్కల డొల్ల, లోపల 8 నానోమీటర్ల ఖాళీ. మందు పట్టడానికి కావాల్సిన మార్పులన్నీ లోపలి గోడకే చేసి బయట ముట్టుకోకపోతే సరి, యాంటీబాడీ లోపలికి దూరలేదుగా. ఇక మిగిలేది ఈ ప్రోటీన్ని తయారు చేయించుకునే బాక్టీరియా, ఈ.కోలైతో తలనొప్పి. ప్రోటీన్‌తో పాటు ఆ బాక్టీరియా పైపొరలోని విషం, ఎండోటాక్సిన్, కూడా వచ్చేస్తుంది, పూర్తిగా తీసేయకపోతే ఎలుకలో కనిపించిన రియాక్షన్ మన రేణువుదో ఆ మురికిదో చెప్పలేం.