కొండల్లో గ్లైడర్ ఎక్కడానికి నేను పడ్డ పాట్లు

నిన్న సాయంత్రమే ఆఖరి ఫ్లైట్ అయింది. కుడిచెయ్యి ఇంకా స్టిక్ పట్టుకున్నట్టే ఉంది. కోపం కూడా పూర్తిగా దిగలేదు. అది చల్లారిపోతే మంచిదాన్నైపోయి అందరినీ మెచ్చుకుంటూ రాసేస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

నేనూ మా తమ్ముడూ ఫ్రాన్స్‌లో దక్షిణపు ఆల్ప్స్ కొండల్లో రెండు వారాలు తిరిగాం. వాడు నడవడానికి వచ్చాడు, నేను గ్లైడర్ కోసం వచ్చాను. గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం. పొడవాటి తెల్లటి రెక్కలుంటాయి, లోపల కూర్చుని నడపాలి. ఇంత విడమరిచి ఎందుకు చెబుతున్నానంటే, మొదటి మూడు రోజులూ నేను చేసిన పనల్లా ఇదే, కనబడ్డవాళ్ళందరికీ గ్లైడర్ అంటే ఏమిటో చెప్పడం.

"ఇక్కడ గ్లైడింగ్ ఎక్కడ చేస్తారు?" అని పర్యాటకుల సమాచార కేంద్రంలో అడిగాను. అక్కడి అమ్మాయి చిరునవ్వుతో కరపత్రం చేతిలో పెట్టింది. చూస్తే పారాగ్లైడింగ్, అంటే పారాషూట్ లాంటి గుడ్డరెక్క కింద వేలాడుతూ ఎగరడం. అది కాదమ్మా అని రెక్కలు చాపి చూపించాను. ఇంకో కరపత్రం ఇచ్చింది. అదీ పారాగ్లైడింగే, కాకపోతే ఇద్దరు వేలాడుతున్నారు. అప్పుడు నా తెలివి ఉపయోగించి ఫ్రెంచిలో 'వోల్ ఆ వాల్' అన్నాను. పుస్తకాల్లో గ్లైడింగ్‌కి ఆ పేరే ఉంది. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. మ్యాప్ మీద సెర్-పోన్సోన్ జలాశయం చుట్టూ గీత గీసి ఇచ్చింది. ఎండలో అంత దూరం పోయి చూస్తే నీళ్ళ మీద తెరచాప పడవలు! 'వాల్' అంటే తెరచాప. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆ మాటే అంత. అక్కడి గ్లైడింగ్ సమాఖ్యే ఆ మాటతో వేగలేక తన పేరులోంచి దాన్ని తీసేసి 'వోల్ ఆన్ ప్లానర్' అని మార్చుకుందని తర్వాత తెలిసింది. మరి మ్యాప్ మీద గీత గీసేముందు ఒక్క ప్రశ్న అడిగి ఉండొచ్చుగా అన్నది నా బాధ.

కాబట్టి ఫ్రాన్స్‌లో అడగాల్సిన మాట 'ప్లానర్'. ఇటలీలో 'అలియాంతే'. జర్మన్ మాట్లాడేచోట 'సెగెల్‌ఫ్లూగ్'. అక్కడ 'గ్లైట్' అని మొదలుపెట్టారంటే మళ్ళీ పారాగ్లైడింగ్ వాళ్ళ దగ్గరికే పంపిస్తారు, ఎందుకంటే దాని పేరే 'గ్లైట్‌షిర్మ్'.

అసలు మనుషుల్ని అడగడమే దండగ. నేను చివరికి చేసిన పని చెబుతాను. ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, లోయలో పొడవాటి గడ్డిమైదానం ఎక్కడుందో వెతికాను. దాని అంచున సన్నగా, పొడుగ్గా, తెల్లగా పెట్టెలు వరసగా కనిపిస్తే అది గ్లైడర్ క్లబ్బే. గ్లైడర్ రెక్కలు విప్పి అలాంటి ట్రైలర్లలోనే దాస్తారు. ఆ తర్వాత గ్లైడర్ పైలట్లు తమ ఫ్లైట్లు నమోదు చేసుకునే వీగ్లైడ్ అనే వెబ్‌సైట్‌లో ఆ మైదానం నుంచి ఏ రోజుల్లో ఎవరు ఎగిరారో చూడాలి. శని, ఆదివారాలే ఉంటే అక్కడికి బుధవారం పోయి ప్రయోజనం లేదు. రోజూ ఎగిరే చోట్లూ ఉన్నాయి. దక్షిణపు ఆల్ప్స్‌లో సిస్టెరోన్, గాప్-టల్లార్, సెయింట్-క్రెపాఁ, బార్సెలొనెట్ వంటి పేర్లు గ్లైడర్ మనుషులందరికీ తెలుసు. సెయింట్-ఓబాఁలో అయితే జాతీయ కేంద్రమే ఉంది, 1997 ప్రపంచ పోటీలు అక్కడే జరిగాయి. నేను వెళ్ళిన ఊరి పేరు మాత్రం చెప్పను. కారణం చదువుతుంటే మీకే తెలుస్తుంది.

కాగితాలు తేలిగ్గానే అయ్యాయి. కొద్దిరోజుల సభ్యత్వం తీసుకున్నాను, ఇన్సూరెన్స్ అందులోనే వచ్చింది. బయటిదేశపు లైసెన్స్‌తో ఒంటరిగా ఎగరాలంటే గుర్తింపు తతంగం ఉంటుంది, ఇన్‌స్ట్రక్టర్ మన వెనక సీట్లో ఉంటే ఆ గొడవ లేదు. పొద్దున బ్రీఫింగ్‌కి వెళ్ళాలి. మధ్యాహ్నం రెండింటికి తీరుబడిగా దిగితే గ్లైడర్లన్నీ ఆకాశంలో ఉంటాయి, మీరు గడ్డిలో ఉంటారు.

మెయిల్‌లో బరువెంతో రాయమన్నారు. 65 కిలోలు అని రాశాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నా బరువు 57. లోకంలో బరువు ఎక్కువ చేసి చెప్పుకున్న ఆడమనిషిని బహుశా నేనొక్కదాన్నే. ఎందుకంటే శిక్షణ గ్లైడర్ ఏఎస్‌కే 21లో ముందు సీటు మనిషి పారాషూట్‌తో కలిపి కనీసం 70 కిలోలు ఉండాలి, 110 దాటకూడదు. తక్కువైతే ముక్కు తేలిపోయి గ్లైడర్ అదుపు తప్పుతుంది. అందుకని సీసపు బిళ్ళలు బిగిస్తారు. నేర్చుకునే రోజుల్లో ఆ బిళ్ళల మీద పడ్డ జోకులు చాలు, కొత్తచోట మళ్ళీ ఎందుకని అబద్ధం రాశాను. 65కి పారాషూట్ కలిపితే 70 దాటుతుంది, ఎవరు చూడొచ్చారు అనుకున్నాను.

వాళ్ళే చూడొచ్చారు. హ్యాంగర్ గుమ్మంలోనే తూకం యంత్రం పెట్టి ఉంది. ముందు వచ్చినవాళ్ళంతా మా తమ్ముడితో చేతులు కలిపారు. వాడు ఆరడుగులుంటాడు, 92 కిలోలు. "పైలట్ మీరేనా?" అని వాణ్ణే అడిగారు. వాడు జన్మలో గ్లైడర్ ముట్టుకోలేదు. "నేను కాదు, మా అక్క" అని నన్ను ముందుకు తోశాడు. పారాషూట్ తగిలించుకుని యంత్రం ఎక్కాను. ముల్లు 63 దగ్గర ఆగింది. ఇన్‌స్ట్రక్టర్‌కి డెబ్బై ఏళ్ళుంటాయి. చేతిలో నా మెయిల్ అచ్చుకాగితం ఉంది. కాగితం వైపు చూశాడు, ముల్లు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. లోపలికెళ్ళి సీసపు బిళ్ళలు పట్టుకొచ్చి నా పాదాల ముందు బిగించాడు. బోల్టు తిప్పుతున్నంతసేపూ చుట్టూ పదిమంది నిలబడి చూశారు. అందులో సగంమంది పదిహేనేళ్ళ పిల్లలు.

"అక్కా, నీళ్ళబిందె ముంచడానికి రాయి కట్టినట్టుంది" అన్నాడు తమ్ముడు తెలుగులో. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ నవ్వారు.

సరే, పైకి వెళితే నేనేంటో తెలుస్తుందిలే అనుకున్నాను. గొప్ప అని కాదుగానీ, నాకు సిల్వర్ బ్యాడ్జి ఉంది. అది రావాలంటే ఏకబిగిన ఐదు గంటలు గాల్లో ఉండాలి, 50 కిలోమీటర్లు పోవాలి, 1,000 మీటర్లు ఎత్తు సంపాదించాలి. మూడూ చేసిన మనిషిని. కాకపోతే అన్నీ చదునునేల మీదే.

తాడు కట్టి లాగే విమానం మమ్మల్ని 700 మీటర్లు పైకి తీసుకెళ్ళింది. పసుపు పిడి లాగి తాడు వదిలాను. ఎండ పడుతున్న కొండవాలు కుడిపక్కకి వచ్చింది. "వేగం గంటకి 100 కిలోమీటర్లకి తగ్గకూడదు" అని ఇన్‌స్ట్రక్టర్ కిందే చెప్పాడు. వాలు పక్కనే గాలి ఎప్పుడు ఎటు తంతుందో తెలీదు, వేగం చేతిలో లేకపోతే రెక్క జారిపోతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలుసనే తల ఊపాను.

అర నిమిషానికి వెనకనుంచి "వితెస్!" అన్నాడు. వేగం అని. చూస్తే 84. ఇప్పుడే కదా 100 ఉంది! ముక్కు దించాను. మళ్ళీ "వితెస్!" ఈసారి 80. స్టిక్ నేను లాగలేదని ఒట్టేసి చెప్పగలను. కానీ లాగాను. చదునునేల మీద గ్లైడర్ ముక్కుని ఆకాశం, భూమి కలిసే గీతకి సరిపెట్టుకుని ఎగురుతాం. ఏళ్ళ తరబడి చేసిన అలవాటు. కొండల్లో ఆ గీత ఉండదు. ఎదురుగా కనిపించేది శిఖరాల వరస, అది అసలు గీతకంటే ఎంతో పైన ఉంటుంది. కన్ను దాన్నే గీత అనుకుంటుంది, చెయ్యి మనకి చెప్పకుండా ముక్కుని అక్కడికి ఎత్తేస్తుంది. "వితెస్!" ఎనిమిది సార్లు లెక్కపెట్టాను, తర్వాత మానేశాను.

అంతకంటే ఘోరం ఇంకా ఉంది. వాలు మీద ఒకచోట కుడిరెక్క పైకి లేచింది. నేర్చుకున్న మొదటి రోజు నుంచీ విన్న మాట ఒకటే, ఏ రెక్క లేస్తే అటు గాలి పైకి పోతోంది, ఎత్తు పెరగాలంటే అటే తిరుగు. తిరిగాను. కుడిపక్క ఉన్నది కొండ.

స్టిక్ నా చేతిలోంచి ఎడమకి ఒక్క ఊపున వెళ్ళిపోయింది. గాలి ఎటు తగులుతోందో చూపించడానికి పైకప్పు మీద అంటించిన ఊలుదారం అడ్డంగా పడుకుంది. పక్కన పైన్ చెట్ల కొమ్మలు ఒక్కొక్కటిగా కనిపించాయి. వెనకనుంచి అరుపు లేదు, తిట్టు లేదు. "ఇప్పుడు నా చేతిలో ఉంది" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. దిగేటప్పుడు మాత్రం మళ్ళీ నాకిచ్చాడు. ల్యాండింగ్ వెన్నపూసలా దించాను, అది రాయకపోతే నా మనసు ఊరుకోదు.

కిందికి దిగాక అందరి ముందూ మా తమ్ముణ్ణి పిలిచాడు. గడ్డిలో నిలబెట్టి "మీరు కొండ" అన్నాడు. వాడు సంతోషంగా కొండ అయ్యాడు. నన్ను చేతులు రెక్కల్లా చాపి కొండ పక్కనే నడవమన్నాడు. చివరికంటా వెళ్ళాక కొండకి వీపు తిప్పుతూ లోయ వైపు మలుపు. మళ్ళీ వెనక్కి నడక. ఈసారి కొండ ఎడమపక్క. చివర మళ్ళీ లోయవైపే మలుపు. ఎనిమిది అంకె వేసినట్టు. నాకు నలభై ఒకటి. చేతులు చాపి మా తమ్ముడి చుట్టూ పది నిమిషాలు నడిచాను. ఒక పిల్లవాణ్ణి ఎదురు గ్లైడర్‌గా పంపాడు. కొండ కుడిపక్క ఉన్నవాళ్ళదే దారి, ఎడమపక్క ఉన్నవాళ్ళు తప్పుకోవాలి. నేను తప్పుకోలేదు, వాడి చెయ్యి నా ముక్కుకి తగిలింది.

"కదలకురా!" అని తమ్ముడి మీద అరిచాను. "కొండ కదలదక్కా, నువ్వే మీదికొస్తున్నావు" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాడ్జీలు, గంటలు చూసుకుని మురిసిపోయేవాళ్ళకి ఒక మాట. చదునునేల మీది అనుభవం కొండల్లో సగమే పనికొస్తుంది, మిగతా సగం ఎదురు తిరుగుతుంది. నాకు అది తెలిసినట్టు నటించడానికి ఒక్క గంట పట్టింది, నిజంగా తెలియడానికి ముప్పై సెకన్లు పట్టింది. అదలా ఉంచితే, అతిథి వస్తున్నాడని తెలిసి కూడా "మీకు కొండల అనుభవం ఉందా?" అని ఒక్క ముక్క ముందే మెయిల్‌లో అడగని క్లబ్బు మీద కూడా నాకు కోపమే. బరువు అడగడం మాత్రం గుర్తుంటుంది!

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ముక్కు వైపు చూడటం మానేశాను. గాలి చప్పుడు వింటూ, రెండు క్షణాలకోసారి వేగం ముల్లు చూస్తూ ఎగిరాను. వితెస్ మూడుసార్లే వినపడింది. మూడోరోజు ఒక్కసారి. పొద్దున తూర్పువాలు, మధ్యాహ్నం దాటాక పడమటివాలు అని ఎండతో పాటే జరుగుతూ వెళ్ళాం. ఒక శిఖరం దగ్గర రాబందులు రెండు తిరుగుతున్నాయి. ఆ చుట్టుపక్కల కొండల్లోకి వాటిని మళ్ళీ తెచ్చి వదిలారట. మనం రాబందు కనపడితే మొహం తిప్పుకుంటాం, ఇక్కడ వీళ్ళు వాటిని చూసి వెంటపడతారు, అవి ఎక్కడుంటే అక్కడ గాలి పైకి లేస్తుందని. ఒకటి మా రెక్క చివర దగ్గరికి వచ్చి తల తిప్పి నా వైపు చూసింది. దాని మెడ చుట్టూ తెల్లటి ఈకల కాలరు, రెక్క కొసల్లో వేళ్ళలా విడిపోయిన ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా వణకడం కనిపించింది. 2,600 మీటర్ల దాకా దాంతోనే ఎక్కాం. వెనకాల పెద్దాయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు. అంటే నా చేతిని నమ్మాడన్నమాట, లేకపోతే రాబందుని.

ఒంటరిగా మాత్రం పంపలేదు. నేనూ అడగలేదు. జూలై, ఆగస్టుల్లో రెండు సీట్ల గ్లైడర్లకి చాలా గిరాకీ, వచ్చే వేసవికి వారం రోజులు కావాలంటే చలికాలంలోనే రాయమన్నారు. బరువు నిజం రాయమన్నారు.