తెల్ల గిత్త, సన్న పాళీ

నా మొదటి సన్న పాళీ పెన్నుని నాలుగు రోజుల్లో పాడుచేశాను. స్కూల్లో హాజరుపట్టీ రాస్తూ అలవాటు కొద్దీ గట్టిగా అదిమాను. పాళీ రెండు రెక్కలూ విడిపోయి, గూట్లో పిచ్చుకపిల్ల నోరు తెరిచినట్టు అయిపోయింది. ఆ తర్వాత అది గీసిన ప్రతి గీతా మధ్యలో తెల్లగా చీలి రెండు గీతలుగా పడేది.

తప్పు పెన్నుది కాదు. ఇరవై ఏళ్ళుగా బాల్‌పెన్నుకి అలవాటు పడ్డ చెయ్యి నాది. బాల్‌పెన్నులో కొసనున్న గుండు తిరగాలి, అది తిరగాలంటే కాస్త అదమాలి. ఇంకు పెన్నులో ఆ పని లేదు. వత్తిలోకి నూనె ఎక్కినట్టు పాళీ చీలికలోంచి ఇంకు తనంతట తనే కొస దాకా వచ్చి కూర్చుంటుంది. కాగితాన్ని తాకిస్తే చాలు, మిగతాది కాగితం చూసుకుంటుంది.

ఈ మాట నాన్న నాకు చిన్నప్పుడే చెప్పాడు. నాన్న ఒంగోల్లో దస్తావేజులు రాసేవాడు. స్టాంపు కాగితం మీద నాలుగు దిక్కుల హద్దులూ, గట్టూ, బావీ, బావిలో భాగం, అన్నీ ఆవగింజంత అక్షరాల్లో పట్టించేవాడు. నేను ఆయన పెన్ను తీసుకుని నా పేరు రాసుకుంటుంటే, "అదమాకమ్మా, అది మార్కాపురం పలక కాదు" అనేవాడు. పలక మీద బలపం కిర్రుమంటేనే రాసినట్టు ఉండే వయసు నాది. విన్లేదు.

రెండోసారి ప్లాటినం అనే కంపెనీ వాళ్ళ ప్రెప్పీ పెన్ను కొన్నాను. జపాన్ వాళ్ళది, ప్లాస్టిక్ ఒళ్ళు, పోతే పోయిందనుకునేంత ధర. దాంట్లో అన్నిటికన్నా సన్న రకం మీద 02 అని ఉంటుంది, అంటే 0.2 మిల్లీమీటర్లు. యూరప్ కంపెనీల ఎక్స్‌ట్రా ఫైన్ (అతి సన్న పాళీ) కంటే జపాన్ వాళ్ళది మామూలుగా ఇంకా సన్నగా ఉంటుంది. పదిహేను, ఇరవై గీతలుండే అక్షరాలని చిన్న గడిలో ఇరికించి రాసుకునే వాళ్ళకి సన్న పాళీ కావాలి మరి.

మనకీ కావాలనే నేనంటాను. లావు పాళీతో 'థ' రాసి చూడండి. లోపలి చుక్క ఇంకులో మునిగిపోయి అది 'ధ' అవుతుంది. 'కథ' కాస్తా 'కధ'. మా ఎనిమిదో తరగతి పిల్లలు ఎలాగూ అలాగే రాస్తారు గానీ, టీచరు చేత్తో రాసింది కూడా అలాగే కనపడితే ఇక దిద్దే హక్కేముంది. 'లక్ష్మి', 'రాష్ట్రం' లాంటి మాటల్లో ఒత్తు కింద ఒత్తు పడి, కింది వరసని తొక్కేస్తుంది. సన్న పాళీతో ఆ తగాదా లేదు.

ఇంకో లాభం, ఇది వంద శాతం పిసినారి లాభం. సన్న పాళీ తక్కువ ఇంకు వదులుతుంది కాబట్టి మామూలు స్కూలు నోట్‌బుక్కు మీద కూడా ఇంకు పాకదు, వెనక పేజీకి దిగదు. నాకు ఖరీదైన కాగితంతో పని పడలేదు. అయితే గరుకు డ్రాయింగ్ కాగితంతో మాత్రం జాగ్రత్త. కొస సూదిలా ఉంటుంది కదా, కాగితం పీచు లేపి చీలికలో ఇరికించుకుంటుంది. అప్పుడు వెంట్రుక మందాన గీస్తున్న పెన్ను ఉన్నట్టుండి మీసం గీస్తుంది. పాత సైకిలు ట్యూబు శుభ్రం చేసినట్టు తడిగుడ్డతో తుడిచి మళ్ళీ మొదలెట్టాలి.

ఎండాకాలం గురించి చెప్పకపోతే ఒంగోలు మనిషిని కాదు. బొమ్మల కోసం కార్బన్ ఇంకు పోశాను. ఆరాక నీళ్ళు తగిలినా చెదరదని, పైన బ్రష్షుతో రంగు వేసుకోవచ్చని. వేసవి సెలవులకి అత్తగారింటికి వెళ్తూ దాన్ని కిటికీ పక్కన మూత సరిగ్గా పెట్టకుండా వదిలేశాను. తిరిగొచ్చేసరికి లోపల కాటుక గట్టింది. గ్లాసు నీళ్ళలో రెండు రాత్రులు నానబెట్టి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి కడిగితే గానీ నోరు విప్పలేదు. ఆ ఇంకు పోసుకుంటే రోజూ నాలుగు గీతలైనా గీయాల్సిందే. రాతకి మాత్రం మామూలు నీలం ఇంకే పోస్తాను, చీర మీద పడినా ఉతికితే పోతుంది, చాలా వరకు.

అసలు ఇదంతా గిత్త కోసం మొదలైంది.

కొండపి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో, నాకు పెదనాన్న వరసయ్యే ఆయన దగ్గర ఒక ఒంగోలు గిత్త ఉంది. బండలాగుడు పోటీలకి తీసుకెళ్తాడు. పాలలా తెల్లగా ఉంటుంది గానీ తల, మెడ, మూపురం మీద బూడిద రంగు. కొమ్ములు పొట్టివి. కళ్ళ చుట్టూ ఎవరో కాటుక దిద్దినట్టు నలుపు. ఈ జాతినే బ్రెజిల్ తీసుకెళ్ళి వాళ్ళు 'నెల్లోర్' అని పిలుచుకుంటున్నారని పెదనాన్నకి చెబితే, "ఒంగోలుది తీసుకుపొయ్యి నెల్లూరు పేరు పెట్టారా!" అని ఆ రోజంతా కోపం ఆయనకి.

తెల్ల జంతువుని నల్ల ఇంకుతో గీయడం ఎట్లా? నేను మొదట పెన్సిల్‌తో గీసినట్టే ఒళ్ళంతా చుట్టూ ఒక గీత లాగాను. కటౌట్ బొమ్మలా వచ్చింది. లావు పాళీతో నీడ వేస్తే తెల్ల గిత్త కాస్తా దున్నపోతు అయింది. సన్న పాళీతో నీడ ఒక్కసారిగా వెయ్యలేం. గీత పక్కన గీత, మళ్ళీ దాని మీద అడ్డంగా ఇంకో వరస, మూపురం కింద దగ్గర దగ్గరగా, భుజం మీద దూరం దూరంగా. అరచెయ్యంత బొమ్మకి గంటన్నర పడుతుంది. ఎండ పడిన చోట ఏమీ గీయకూడదు. చెయ్యి ఊరుకోదు, గీసేస్తుంది. రెండు బొమ్మలు అలాగే చెడాయి.

మూడోది పట్టుకెళ్ళి చూపించాను. పెదనాన్న కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"గంగడోలు ఇట్టా మెడకాడ ఆగిపోయిందేందమ్మా? బొడ్డు దాకా పోవాల. ముడతలు ముడతలుగా ఊగతా ఉండాల."

నిజమే. ఎదురుగా నిలబడి గంట గీశాను, గంగడోలు, అదే మెడ కింద వేలాడే చర్మం, ఎక్కడిదాకా ఉందో చూడలేదు. జీవశాస్త్రం టీచర్ని. సిగ్గేసింది.

దసరా సెలవుల్లో మళ్ళీ వెళ్ళాను. ఈసారి పెన్ను తీయకుండా ముందు అరగంట చూశాను. ముడతలు తొమ్మిది లెక్కపెట్టాను, పైవి దగ్గరగా, కిందకొచ్చేకొద్దీ వదులుగా. ఒక్కో ముడతకీ ఒక్క గీత, ఊపిరి బిగబట్టి. పొద్దుటి ఎండ వీపు మీదా పొట్ట పక్కనా పడుతోంది, అక్కడంతా కాగితం అలాగే వదిలేశాను. వీపు గీత కూడా సగంలో ఆపేశాను.

పెదనాన్న ఈసారి గంగడోలుకి తల ఊపాడు. తర్వాత, "పొట్ట గియ్యటం మర్చిపోయావు తల్లీ" అన్నాడు.

పక్కనే జామకాయ తింటున్న ఆయన మనవడు తొంగి చూశాడు.

"ఏంది తాతా, కనపడతానే ఉందిగా!"