సీఆర్పీ దిగిన వారం

కార్తీకమాసం వానల్లో జలుబుగా మొదలైంది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి పళ్లు టకటకలాడే చలి, 103 జ్వరం. ఊపిరి లోపలికి పీలిస్తే కుడి డొక్కలో పోటు. దగ్గితే తుప్పు రంగు కఫం పడింది. గుడ్డ మీద ఆ రంగు చూసి మా వదిన, "ఇంక కావలిలో వద్దమ్మాయ్, నెల్లూరు పోదాం పద" అంది.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. బ్యాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియా అన్నారు. రక్త పరీక్షలో సీఆర్పీ 240. మామూలుగా 10 లోపు ఉండాలంట. ఆ అంకె చూసి మా ఇంట్లో అందరికీ టెన్షన్.

"ఈ సీఆర్పీ ఏంది డాక్టర్ గారూ?" అని అడిగాను. ఆయన రౌండ్స్ ఆపి, మంచం పక్కన నిలబడి చెప్పారు. ఊపిరితిత్తుల గాలి సంచుల్లో మాక్రోఫేజ్ అనే కణాలు కాపలా ఉంటాయి. బ్యాక్టీరియా తగలగానే అవి సైటోకైన్లు వదులుతాయి. ఇవి కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే చిన్న ప్రోటీన్లు. ఇంటర్‌ల్యూకిన్-8 అనే సైటోకైన్ కబురుకు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తంలోంచి గాలి సంచుల్లోకి వచ్చిపడతాయి. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 అనే మరో రెండు సైటోకైన్ల వల్ల సన్నటి రక్తనాళాలు నీరు వదులుతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయం చేత సీఆర్పీ అనే ప్రోటీన్ తయారు చేయిస్తుంది. మెదడుకు జ్వరం పెంచమని చెప్పేవీ ఇవే. అంటే నన్ను వణికించిన చలి, అన్నం సహించకపోవడం, ఎక్స్‌రేలో ఆ తెలుపు, వీటిలో చాలా భాగం నా ఒంటి పోరాటమే. అది విన్నాక నాకు భయం తగ్గింది, నిజంగా.

అసలు సీఆర్పీ బయటపడిందే న్యుమోనియా రోగుల రక్తంలో, 1930లో, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో. జబ్బు నయమైతే రక్తంలోంచి అదీ పోయేదట.

చూడటానికి వచ్చిన చుట్టాలు "ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకో, రేపటికి లేచి కూర్చుంటావు" అన్నారు. మన ఊళ్లలో ఈ మాట చాలా తేలిగ్గా అనేస్తారు, నాకు అది నచ్చదు. స్టెరాయిడ్ ఆ కబుర్లను అణిచేస్తుంది. కబుర్లు శ్రుతిమించి ఊపిరితిత్తులనే దెబ్బతీస్తున్నప్పుడు అది ప్రాణం కాపాడొచ్చు. 2023లో అచ్చయిన ఫ్రాన్స్ పరిశోధనలో, ఐసీయూలో చేరిన తీవ్ర న్యుమోనియా రోగులకు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే 28 రోజుల్లో మరణాలు 6.2 శాతం, ఇవ్వనివారిలో 11.9 శాతం. కానీ వాళ్లకు యాంటీబయాటిక్స్ కూడా నడుస్తున్నాయి, పక్కనే డాక్టర్లున్నారు. నా జబ్బు అంత ముదరలేదు, నాకు అక్కర్లేదన్నారు. మరోవైపు, కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను ఆపే మందులు వాడేవారికి న్యుమోనియా, టీబీ వచ్చే ముప్పు పెరుగుతుంది. అందుకే ఆ కబురు బొత్తిగా లేకపోయినా కష్టమే.

యాంటీబయాటిక్ పడ్డాక ముందు జ్వరం జారింది, తర్వాత సీఆర్పీ దిగింది. ఎక్స్‌రే మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. చచ్చిన తెల్లకణాలను మాక్రోఫేజ్‌లే తినేసి శుభ్రం చేయాలి, దానికి వారాలు పడుతుందన్నారు. నిజమే, ఇంటికొచ్చాక కూడా మేడ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది.

మా అత్తమ్మకు అరవై దాటాయి, షుగర్ కూడా ఉంది. డాక్టర్‌ని అడిగి ఆమెకు న్యుమోకాకల్ టీకా, అంటే న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాను అడ్డుకునే సూది, వేయించాం. "జబ్బు నీకు గదా, సూది నాకెందుకు?" అంటూనే చెయ్యి చాపింది.