నిన్న నా స్పియర్‌గన్ నాకు తిరిగొచ్చింది

నిన్న పొద్దున పడవ మీద మా లీడర్ నా స్పియర్‌గన్ (చేపల మీదకి ఈటె వదిలే తుపాకి) తీసి నా చేతిలో పెట్టాడు. సరిగ్గా తొమ్మిది వారాల తర్వాత. మాటేమీ లేదు. నా నడుము వైపు ఒకసారి చూశాడు, చేపలు గుచ్చే తాడు అక్కడ కట్టుకోలేదని తేల్చుకుని తలూపాడు. ఆ తలూపు కోసమే తొమ్మిది వారాలు కాచుకుని ఉన్నాను. రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. అందుకే అంతా మనసులో ఉండగానే రాసేస్తున్నాను. ఊపిరి బిగబట్టి సముద్రంలో చేపల వేటకి దిగాలనుకునేవాళ్లు, సొరచేప ఎదురైతే ఎలా అని టెన్షన్ పడేవాళ్లు ఓపిగ్గా చదవండి.

మొదటి దశలు తేలిగ్గానే గడిచాయి. చెవులు, సైనస్, ఊపిరితిత్తులు చూసి డాక్టర్ సంతకం పెట్టారు. పూల్‌లో కదలకుండా మూడు నిమిషాలు దాటి ఊపిరి బిగబట్టాను, ఆ బ్యాచ్‌లో అందరికంటే ఎక్కువ నాదే. లోపలికి దిగేటప్పుడు చెవులు ఈక్వలైజ్ చేసుకోవడం, అంటే లోపలి ఒత్తిడిని బయటి నీటి ఒత్తిడికి సమం చేసుకోవడం, రెండు వారాల్లో పట్టుబడింది. స్పృహ తప్పినవాణ్ణి పైకి తెచ్చే రెస్క్యూ పరీక్ష మొదటిసారే పాసయ్యాను. ఇక నాకు రానిదేముంది అనుకుంటూనే ఈ వేట గ్రూపులో చేరాను.

నాకు కోర్సు చెప్పిన సంస్థ మీద మాత్రం కోపం ఇంకా పోలేదు. ఊపిరి గురించి రోజుల తరబడి చెప్పారు. సొరచేపల గురించి చెప్పింది ఒక్కటే ముక్క: "కనిపిస్తే నీళ్లలోంచి వచ్చేయండి." ఎలా రావాలి, అప్పుడు కింద ఉన్న మనిషి సంగతేంటి, నడుముకి వేలాడుతున్న చేపల్ని ఏం చేయాలి, ఒక్కటీ చెప్పలేదు. నేను ఆ ముక్కని అక్షరాలా పాటించాను. దాని ఫలితమే ఈ కథంతా.

ఆ రోజు నీళ్లు బాగానే తేటగా ఉన్నాయి. కింద రాళ్లు పద్నాలుగు మీటర్ల లోతులో ఉన్నా, పైనుంచి మసగ్గా కనిపిస్తున్నాయి. నేను, నా బడ్డీ జంటగా దిగాం. పద్ధతి అందరికీ తెలిసిందే: ఒకరు కింద ఉంటే ఒకరు పైన ఉండి చూస్తుండాలి. వాడు దిగాడు. నేను పైన తేలుతున్నాను. అంతకుముందు కొట్టిన రెండు చేపలు నా నడుముకి కట్టిన తాడుకే వేలాడుతున్నాయి, ఒకదాని మొప్పల్లోంచి ఇంకా రక్తం కారుతోంది.

ముందు నాకు కనిపించింది సొర కాదు. రాళ్ల మీద ఆడుతున్న చిన్న చేపలన్నీ ఒక్కసారిగా సందుల్లోకి దూరాయి. అంతవరకూ సందడిగా ఉన్న చోటు ఖాళీ అయిపోయింది. అదే హెచ్చరిక అని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఏమైందా అని చూస్తుండిపోయాను. అంతలో ఎడమ వైపు నుంచి వచ్చింది. గ్రే రీఫ్ షార్క్. తోక చివర నల్లటి అంచు స్పష్టంగా కనిపించింది. దూరంగా ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టులో దగ్గరికొచ్చింది. తొందరేమీ లేదు దానికి.

నేను వెనక్కి తిరిగి పడవ వైపు ఈదాను. ఈదాను అనడం కూడా తప్పే, కాళ్లకి తొడుక్కున్న ఫిన్స్‌తో నీళ్లని బాదుకుంటూ పారిపోయాను. పడవ నలభై మీటర్లుంటుంది. సగం దూరంలో నడుము దగ్గర ఒక్క గుంజు గుంజింది. గోచీ పట్టుకుని ఎవరో వెనక్కి లాగినట్టు. తర్వాత తాడు తేలికైపోయింది. పడవ నిచ్చెన పట్టుకుని చూసుకుంటే ఒక చేప పూర్తిగా లేదు, రెండోదానికి తల వైపు సగమే మిగిలింది. కోసిన చోట చంద్రవంకలా, కత్తితో గీసినంత నున్నగా ఉంది.

"వాడేడి?" అని అరిచాడు మా లీడర్.

అప్పుడు గుర్తొచ్చాడు నాకు నా బడ్డీ.

వాడు అప్పుడే ఒంటరిగా పైకొచ్చాడు. తల అటూ ఇటూ ఊగుతోంది, గడ్డం నీళ్లలోకి వాలుతోంది. డైవర్లు దాన్ని సాంబా అంటారు. స్పృహ పోవడానికి ఒక్క మెట్టు ముందు ఒళ్లు స్వాధీనం తప్పడం. లీడర్ బట్టలతోనే దూకాడు. వెళ్లి గడ్డం పట్టుకుని ఎత్తేసరికి వాడికి ఊపిరి అందింది. నేను నిచ్చెన పట్టుకుని చూస్తూ ఉన్నాను.

పడవ మీద తొమ్మిది మంది ఉన్నారు. లీడర్ అందర్నీ కూర్చోబెట్టి నన్ను నిలబెట్టాడు. గొంతు పెంచలేదు.

"తమ్ముడూ, సొర ఎంత పొడవుంది?"

"మూడు మీటర్లుంటుందన్నా."

పడవలోంచి దాన్ని చూసినవాళ్లు రెండు మీటర్లు కూడా ఉండదన్నారు.

"సరే. ఎటు నుంచి వచ్చింది, ఎన్ని చుట్లు తిరిగింది?"

అన్నీ చెప్పాను. తోక అంచు రంగు కూడా చెప్పాను.

"నువ్వు తిరిగినప్పుడు వీడు కిందికి వెళ్లి ఎంతసేపైంది?"

నా దగ్గర జవాబు లేదు. చేతికి వాచీ ఉంది. దాన్ని చూసిన గుర్తే లేదు.

ఆయన నా గన్ తీసుకుని పెట్టెలో పెట్టి మూత వేశాడు. "నీకు ఊపిరి బాగా వచ్చు. పక్కనోణ్ణి చూసుకోవడం రాదు. అది వచ్చాక గన్ ఇస్తాను" అన్నాడు. అంతమందిలో ఆ మాట పడ్డాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. నా బడ్డీ మాత్రం ఫోన్ చేసి "ఏం కాలేదు కదరా, వదిలేయ్" అన్నాడు. వాడు అలా అనడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఆ తొమ్మిది వారాలూ నా పని పైన తేలుతూ కాపలా కాయడమే. వేట వాళ్లది, చూపు నాది. మధ్యమధ్యలో లీడర్ చెప్పకుండా నా వెనక నుంచో, కింద నుంచో సొరలా వచ్చేవాడు. నేను తిరిగి ఆయనకి ఎదురు నిలబడాలి, గన్ బదులు ఇచ్చిన కర్రని మధ్యలో పెట్టాలి, అదే సమయంలో కింద ఉన్న మనిషి నా చూపులోంచి పోకూడదు. పోతే వెంటనే పడవెక్కాలి. మొదటి రోజు పదకొండు సార్లు ఎక్కాను. సొర వైపు తిరిగితే మనిషి వెనక పడిపోతాడు, మనిషిని చూస్తే సొర వెనక పడుతుంది. మూడు వారాల దాకా కిటుకు అర్థం కాలేదు. ఆయన చెప్పలేదు కూడా. చివరికి నాకే తట్టింది: తల తిప్పడం కాదు, చోటు మారాలి. మనిషిని, సొరని ఒకే చూపులో పెట్టుకోగలిగేలా పక్కకి జరగాలి. అంటే చాలాసార్లు పడవకి దూరంగా, మనిషికి దగ్గరగా జరగడమే. ఆ రోజు నేను చేసిందానికి సరిగ్గా ఎదురు.

పైనున్నవాడి కాపలా ఎందుకంత ముఖ్యమో కూడా అప్పుడే బుర్రకెక్కింది. పది మీటర్ల లోతులో మన మీద ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. ఆ ఒత్తిడి వల్లే ఊపిరితిత్తుల్లో మిగిలిన కాస్త ఆక్సిజన్ కూడా రక్తంలోకి బాగా ఎక్కుతుంది, మనిషికి అంతా బాగున్నట్టే ఉంటుంది. పైకి వస్తున్నకొద్దీ ఆ ఒత్తిడి సగానికి పడిపోతుంది. స్పృహ తప్పేది అందుకే ఎక్కువగా చివరి మీటర్లలో, లేదా పైకొచ్చి ఊపిరి తీసుకున్నాక కొన్ని సెకన్లకి. తల బయటికొచ్చాక ముప్ఫై సెకన్లు మొహం చూడాలని చెప్పేది ఇందుకే. దిగే ముందు గబగబా లోతుగా ఊపిరి పీల్చి వదిలేవాళ్లకి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలన్న హెచ్చరికే శరీరం నుంచి ఆలస్యంగా వస్తుంది.

సొర సంగతికొస్తే, ఆ రోజు అది నన్ను బెదిరించనే లేదు. గ్రే రీఫ్ షార్క్ బెదిరిస్తే ఎలా ఉంటుందో 1973లోనే జాన్సన్, నెల్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరంగా రాశారు: వీపు వంచుతుంది, ముక్కు పైకెత్తుతుంది, పక్క రెక్కలు కిందికి దించుతుంది, ఒళ్లంతా విరుచుకుంటూ అతిగా ఈదుతుంది. అలా చేస్తే దాని దారికి అడ్డం తప్పుకుని, దానికేసి చూస్తూనే మెల్లగా వెనక్కి జరగాలి. నేను చూసింది మామూలుగా ఈదుతున్న సొరని. దానికి కావలసింది నా నడుమున ఉన్న చేపలు. వాటిని విప్పి వదిలేస్తే అక్కడితో అయిపోయేది. బదులుగా నేను నీళ్లని బాదాను. ఆగి ఆగి వచ్చే తక్కువ ఫ్రీక్వెన్సీ (బొంగురు) చప్పుళ్లకి సొరలు దగ్గరికి వస్తాయని 1963లోనే నెల్సన్, గ్రూబర్ ప్రయోగం చేసి చూపించారు. గాయపడ్డ చేప కొట్టుకునే చప్పుడు అలాంటిదే. నా ఫిన్స్ చప్పుడూ దానికి అలాగే వినిపించి ఉంటుంది.

చేపల్ని ఒంటికి కట్టుకోకండి. దీన్ని ఎన్నిసార్లయినా చెబుతాను. 1963 డిసెంబరులో దక్షిణ ఆస్ట్రేలియాలో స్పియర్ ఫిషింగ్ పోటీలో రాడ్నీ ఫాక్స్ అనే వేటగాణ్ణి గ్రేట్ వైట్ అనే పెద్ద రకం సొర కరిచింది. వదిలాక అదే సొర ఆయన చేపల ఫ్లోట్‌ని (కొట్టిన చేపల్ని కట్టి నీళ్ల మీద తేలేలా ఉంచేదాన్ని) పట్టుకుని దిగింది, ఫ్లోట్ తాడు ఆయన బెల్టుకి కట్టి ఉండటంతో మనిషిని కూడా కిందికి లాక్కుపోయింది. తాడు తెగబట్టి బతికాడు. ఇంత పాత సంగతి తెలిసి కూడా ఇప్పటికీ నడుముకి కట్టుకుని దిగేవాళ్లని చూస్తూనే ఉన్నాను. కొట్టిన చేపని వెంటనే తలలో కత్తి దించి చంపేసి పడవలో వేయాలి. అది కొట్టుకోకూడదు, నీళ్లలో వేలాడకూడదు.

ఇంకో సంగతి. సొరలు రావంటూ ఒకాయన నాకు అయస్కాంతం పట్టీ అంటగట్టాడు. ఆ రోజు అది నా మణికట్టుకే ఉంది. 2018లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్లు ఐదు రకాల పరికరాల్ని గ్రేట్ వైట్ల మీద పరీక్షించారు. అయస్కాంతాల వాటితో ఉపయోగమేమీ కనిపించలేదు. బలంగా పనిచేసింది ఒక్కటే, విద్యుత్తు వదిలే రకాల్లో ఒకటి. అది ఉన్నప్పుడు కూడా 40 శాతం సార్లు సొర ఎరని తీసుకుంది. లేనప్పుడు 96 శాతం. కొనేవాళ్లు ఆ 40ని గుర్తుపెట్టుకోండి. పట్టీల డబ్బుతో టూర్నికే (రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే కట్టు) కొనుక్కుని పడవలో పెట్టండి, బిగించడం ప్రాక్టీస్ చేయండి. చెయ్యో కాలో కరిస్తే గాయానికి పైన బిగించాలి, బిగించిన టైము రాసిపెట్టాలి. ప్రాణం పోయేది ఎక్కువగా రక్తం పోయే.

దగ్గరికొచ్చిన సొరని ఈటెతో కొట్టి గొప్పగా ఫోటోలు దిగేవాళ్లంటే నాకు అసహ్యం. మరీ మీదకొస్తే గన్ మొనతో ముక్కు మీద నెట్టండి, పట్టుకుంటే కళ్లలో, మొప్పల్లో పొడవండి, అది ప్రాణం కాపాడుకోవడం. చేప కోసం వచ్చినదాన్ని చంపడం వేరు. 1970 నుంచి నడిసముద్రపు సొరలు, టేకు చేపలు 71 శాతం తగ్గిపోయాయని 2021లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఫ్లోరిడాలో సొర కాట్ల లెక్కలు కట్టేవాళ్లు 2023లో ప్రపంచం మొత్తానికి మనిషి రెచ్చగొట్టకుండా జరిగినవి 69 అని, మనిషి ఏదో చేసి తెచ్చుకున్నవి 22 అని తేల్చారు. ఈటెతో వేటాడేవాళ్లకి పడే కాట్లని ఈ రెండో లెక్కలోనే వేస్తారు. అది న్యాయమే. దాని చోటుకి రక్తం కారే చేపని పట్టుకుని వెళ్లింది మనమే.

నిన్న మళ్లీ అదే బడ్డీతో దిగాను. మూడో డైవ్‌లో వాడు కిందికి వెళ్లి నలభై సెకన్లు అయిందో లేదో, రాళ్ల మీద చిన్న చేపలు సందుల్లోకి దూరాయి. నేను వాచీ చూసుకున్నాను. తర్వాత చుట్టూ చూశాను. కుడి వైపు లోతులోంచి వచ్చింది, ఈసారి తిన్నగా. అప్పటికే వాడు చేపని కొట్టాడు. అది ఈటెకి గుచ్చుకుని గిలగిలా కొట్టుకుంటోంది. నేను పక్కకి జరిగాను, పడవ నా వీపు వెనక దూరమైంది, వాడూ సొరా రెండూ నా మాస్క్‌లోకి వచ్చాయి. వాడు నన్ను చూశాడు, నేను సొర వైపు చెయ్యి చూపించాను. వాడు గన్ వదిలేశాడు. సొర చేపని పట్టుకుని తల రెండుసార్లు విదిలించింది, తెల్లటి పొట్ట మెరిసింది, తాడు సాగింది, చేప ఊడిపోయింది. వాడు అటే చూస్తూ మెల్లగా పైకొచ్చాడు.

తల బయటికి రాగానే గడ్డం కింద చెయ్యి పెట్టాను. "ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో" అంటూ పెదాల రంగు చూస్తూ ముప్ఫై దాకా లెక్కపెట్టాను. నీళ్లలోకి చూస్తే సొర అప్పటికే లోతుకి దిగిపోయింది.

పడవెక్కాక లీడర్ నోట్‌బుక్ తీశాడు. "ఎంతసేపు కింద ఉన్నాడు?"

"ఒక నిమిషం ఎనిమిది సెకన్లు అన్నా."

ఆయన రాసుకున్నాడు.