మా కోడ్ మా గదిలోనే: గిట్ సర్వర్ పెట్టుకున్న నా అనుభవం

కాకినాడలో మాది ఎనిమిది మంది పనిచేసే చిన్న ఆఫీసు. రైస్ మిల్లులకి బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ రాసిస్తాం. రెండేళ్ల కిందటి వరకూ మా కోడంతా ఒక షేర్డ్ ఫోల్డర్‌లో ఉండేది. అందులో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ జీఎస్టీ" అని మళ్లీ మూడు ఫోల్డర్లు. ఒకతను ఉద్యోగం మానేసి వెళ్లాక, ఓ మిల్లులో నడుస్తున్న వెర్షన్ కోడ్ అతని పాత ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదని బయటపడింది. మంచి మనిషి, వెతికి పంపాడు. కానీ ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర లేదు. డబ్బు కట్టి కొనుక్కున్న మిల్లువాళ్లకి మేం ఏం జవాబు చెప్పాలి?

"గిట్ సర్వర్ ఒకటి ఆఫీసులోనే పెడదాం సార్" అని మా సార్‌ని అడిగాను. గిట్ అంటే కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్. అందరి కోడూ చేరే చోటు దాని సర్వర్. ఇంటర్నెట్ పోయినా పని ఆగకూడదు, క్లయింట్ల కోడ్ బయటికి వెళ్లకూడదు, ఈ రెండూ నా కారణాలు. "పెట్టమ్మా, కానీ చూసుకోవాల్సింది కూడా నువ్వే" అన్నారు. ఆ రెండో సగం ఎంత పెద్ద మాటో అప్పుడు నాకు అర్థం కాలేదు.

మూలన పడున్న 4 జీబీ ర్యామ్ డెస్క్‌టాప్ మీద మొదట గిట్ సర్వర్‌గా పనిచేసే గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అది ఒక్క ప్రోగ్రామ్ కాదు. వెనకాల డేటాబేస్, తాత్కాలిక సమాచారం ఉంచే రెడిస్, బ్యాక్‌గ్రౌండ్ పనులు చేసే సైడ్‌కిక్, ఇలా ఒక గుంపు నడుస్తుంది. పేజీ తెరుచుకునేలోపు హార్డ్ డిస్క్ గిరగిరా తిరిగేది. తప్పు దానిది కాదు, అంత బరువు మోసే మెషీన్ మా దగ్గర లేదు. మూడో రోజు తీసేసి, అదే పని చేసే తేలికైన ఫోర్జేయో పెట్టాను.

దీనికో వంశవృక్షం ఉంది. గోగ్స్ అనే గిట్ సర్వర్ సాఫ్ట్‌వేర్ నుంచి 2016లో గిటీ విడిపోయింది, గిటీ నుంచి 2022 చివర్లో ఫోర్జేయో విడిపోయింది. బెర్లిన్‌లోని కోడ్‌బెర్గ్ అనే లాభాపేక్ష లేని సంస్థ నీడలో నడుస్తోంది. ఎస్పెరాంతో భాషలో ఫోర్జేయో అనే పేరుకి కొలిమి అని అర్థం. అది తెలిసినప్పటి నుంచి మా ఆఫీసులో దాన్ని అందరూ "కొలిమి" అనే అంటున్నారు. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒకే ఒక్క ఫైలు, మా పాత మెషీన్‌కి బరువే అనిపించలేదు.

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, గిట్ అనే యూజర్‌ని పెట్టి, ఆ ఫైల్ని సర్వీస్‌గా నడిపించి 3000 పోర్టులో పేజీ చూసుకునేసరికి మధ్యాహ్నం భోజనం టైమ్ కూడా కాలేదు. ఎనిమిది మందికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు, వేరే డేటాబేస్ పెట్టలేదు. కొత్తవాళ్లు ఎవరంటే వాళ్లు అకౌంట్ తెరుచుకునే సౌకర్యాన్ని వెంటనే ఆపేశాను. నెట్‌కి తెరిచిన సర్వర్‌లో అది అలాగే వదిలేస్తే చెత్త అకౌంట్లు పుట్టలు పుట్టలుగా వస్తాయి.

అసలు పని సాయంత్రం మొదలైంది. "అక్కా, కీ పెట్టినా పాస్‌వర్డ్ అడుగుతోంది" అన్నాడు మా జూనియర్ కుర్రాడు. పాస్‌వర్డ్ బదులు మనిషిని గుర్తుపట్టడానికి వాడే ఫైలే ఈ కీ. కీ మళ్లీ చేయించాను, మళ్లీ అతికించాను. అదే మాట. రాత్రి ఎనిమిదింటికి సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (ఆ కీ చూసి లోపలికి రానిచ్చే ప్రోగ్రామ్) లాగ్, అంటే జరిగినవి రాసుకునే ఫైలు, తెరిస్తే "బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్" అని ఒక లైను. పొద్దున ఏదో ఫైలు రాయనివ్వకపోతే, గిట్ యూజర్ హోమ్ ఫోల్డర్‌కి అందరికీ రాసే పర్మిషన్ ఇచ్చేశాను. ఎవరైనా రాయగలిగే ఫోల్డర్‌లోని కీలని ఎస్‌ఎస్‌హెచ్ నమ్మదు. నమ్మకపోవడమే న్యాయం. పర్మిషన్ అంకెలు హోమ్‌కి 755, లోపలి ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, కీల ఫైలుకి 600 పెట్టగానే పుష్ (కోడ్‌ని సర్వర్‌కి ఎక్కించడం) వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఏది ఆగినా ముందు లాగ్ చూస్తాను, తర్వాతే చెయ్యి పెడతాను.

మర్నాడు ఇంకొకరు ఎస్‌ఎస్‌హెచ్ బదులు వెబ్ దారి హెచ్‌టీటీపీఎస్ మీద పుష్ చేస్తే 413 ఎర్రర్ వచ్చింది. ఫోర్జేయోకి ముందు నిలబెట్టిన ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ మామూలుగా 1 ఎంబీ దాటిన రిక్వెస్టుని లోపలికి రానివ్వదు. ఆ హద్దు పెంచితే సరిపోయింది.

నెల తిరక్కుండానే ఒకరు పొరపాటున మెయిన్ బ్రాంచ్ (అందరి పనీ కలిసే అసలు కోడ్) మీద ఫోర్స్ పుష్ కొట్టారు, అంటే సర్వర్‌లో ఉన్నదాన్ని తోసేసి తమది ఎక్కించారు. ముగ్గురు రెండు రోజులు చేసిన పని సర్వర్‌లో కనబడలేదు. నాకు చేతులు చల్లబడ్డాయి. అదృష్టం, ఒకమ్మాయి ఆ పొద్దునే పుల్ చేసుకుంది, అంటే సర్వర్‌లోని కొత్త మార్పులు దించుకుంది. ఆమె క్లోన్‌లో (తన మెషీన్‌లోని కాపీలో) కమిట్లన్నీ, అంటే దాచిన మార్పులన్నీ, ఉన్నాయి, అక్కణ్నుంచే తిరిగి ఎక్కించాం. ఆ సాయంత్రమే మెయిన్ బ్రాంచ్‌కి ప్రొటెక్షన్ పెట్టాను. ఇప్పుడు ఇంకొకరు చూసి ఒప్పుకుంటేనే మార్పు అందులో కలుస్తుంది (మెర్జ్ అవుతుంది).

అప్పుడు అందరూ అన్న మాట: "ప్రతి ఒక్కరి దగ్గరా పూర్తి క్లోన్ ఉంది కదా, ఇంక బ్యాకప్ ఎందుకు?" కమిట్ల వరకూ నిజమే. కానీ ఏ మిల్లువాళ్లు ఏ బగ్ చెప్పారు, దాని మీద మనం ఏం అనుకున్నాం, ఎవరికి ఏ రిపో (ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) మీద హక్కుంది, ఎవరి కీ ఏది, ఇవేవీ క్లోన్‌లో రావు. అవన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ వాళ్లకే ఇది జరిగింది. పొరపాటున అసలు డేటాబేస్ చెరిగిపోయింది. పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులేవీ అక్కరకు రాలేదు, ఆరు గంటల కిందటి కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. రిపోలు క్షేమం, పోయినవి ఇష్యూలు, కామెంట్లు, అకౌంట్లు. దాచకుండా వాళ్లే అంతా రాశారు. అది చదివాక నా బ్యాకప్ మీద నాకు టెన్షన్ పట్టుకుంది.

రోజూ రాత్రి డంప్, అంటే సర్వర్‌లోనివన్నీ కలిపిన బ్యాకప్ జిప్, తయారవుతోంది. కానీ ఒక్కసారైనా విప్పి చూశానా? ఓ ఆదివారం పాత ల్యాప్‌టాప్ తీసుకుని కూర్చున్నాను. డంప్ చెయ్యడానికి కమాండ్ ఉంది, తిరిగి నిలబెట్టడానికి లేదు. ఫైళ్లన్నీ చేత్తో వాటి చోట్లలో పెట్టాలి. పెట్టాను. పేజీ వచ్చింది, రిపోలు కనబడ్డాయి. లాగిన్ అవుదామంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో అంచె కోడ్ తీసుకోదు! సెట్టింగుల ఫైలు కొత్తది రాశాను, అందులో సీక్రెట్ కీ మారిపోయింది. ఆ కోడ్‌లకి ఆధారమైన రహస్యాలన్నీ పాత కీతో తాళం వేసినవి. పాత ఫైలే తెచ్చి పెట్టాక లోపలికి వెళ్లగలిగాను. తర్వాత పుష్ పోలేదు. ప్రతి రిపోలోని హుక్స్ (పుష్ వచ్చినప్పుడు నడిచే చిన్న స్క్రిప్టులు) పాత మెషీన్ దారినే చూపిస్తున్నాయి. వాటినీ, కీల ఫైల్నీ మళ్లీ తయారుచేయించే కమాండ్లు ఉన్నాయి, నడిపాను. అన్నీ కలిసి ఐదు గంటలు. ఇంకో సంగతి, అప్పటిదాకా ఆ జిప్పులన్నీ సర్వర్ ఉన్న డిస్క్‌లోనే ఉన్నాయి! ఆ రాత్రి నుంచి ఒక కాపీ వేరే డిస్క్‌కి, వారానికొకటి సార్ ఇంటికి వెళ్తోంది.

చేసిన ప్రతి మెట్టూ లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగులోనే రాశాను, ఎవరైనా చదివి చెయ్యగలిగేలా. వెర్షన్ అప్‌గ్రేడ్‌కి ముందు డంప్ తప్పనిసరి అని ఎర్ర పెన్నుతో రాశాను, ఎందుకంటే డేటాబేస్ ఒకసారి కొత్త రూపంలోకి మారాక పాత వెర్షన్‌కి అది పనికిరాదు.

మూడు నెలల తర్వాత ఆ నోట్‌బుక్ మా కుర్రాడి చేతికిచ్చి, నేను పక్కన కూర్చున్నాను, ఒక్క మాట సాయం చెయ్యకుండా. నలభై ఐదు నిమిషాల్లో ల్యాప్‌టాప్ మీద కొలిమి లేచింది. ఒక టెస్ట్ కమిట్ పుష్ చేసి, "వెళ్లిందక్కా" అని, పదమూడో మెట్టు దగ్గర నేను మర్చిపోయిన ఒక లైను తన చేత్తో రాసి ఇచ్చాడు.